ముప్పై రెండు చుట్లు

కొత్త ఫోరంకు రమ్మని అడ్మిన్ పెట్టిన మెసేజ్‌ను మొదటి రోజు మాలో ఒక్కడు కూడా నొక్కలేదు. అందులో మూడు ముక్కలున్నాయి. మనం ఇన్నేళ్ళుగా మాట్లాడుకుంటున్న సైటు నెలాఖరుకు మూతపడుతోంది. కొత్త చోటు సిద్ధంగా ఉంది. కింద లింకు నొక్కి, ఫోన్ నంబరు ఇచ్చి, ఓటీపీ కొట్టండి. లింకు, నంబరు, ఓటీపీ ఒకే మెసేజ్‌లో కనిపిస్తే ఏమవుతుందో మా వీధిలో పాలు పోసే అమ్మకు కూడా తెలుసు. మేం మాత్రం తక్కువ తిన్నామా?

మాది మోటారు వైండింగ్ మెకానిక్‌ల ఫోరం. రైతుల బోరు మోటార్లు కాలిపోతే లోపలి రాగి తీగ పీకేసి కొత్తది చుట్టడం మా పని. ఏ మోటారుకు ఎంత మందం తీగ, ఎన్ని చుట్లు అన్నది తప్పితే అది మళ్ళీ కాలుతుంది. తీగ పట్టే లోపలి ఇనుప దిమ్మను కోర్ అంటాం, చుట్ల లెక్క దాని పొడుగును బట్టే. కాలిన తీగనే విప్పి లెక్కపెట్టుకోవచ్చు కదా అంటారు. ముందు చుట్టినవాడు తప్పు చుట్టి ఉంటే, ఆ తప్పునే భక్తిగా లెక్కపెట్టి మళ్ళీ చుట్టినట్టవుతుంది. అందుకే ఒకరినొకరు అడగడానికి సుబేదారిలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఒకాయన ఈ ఫోరం పెట్టాడు. హన్మకొండ నుంచి ములుగు దాకా తీగ పట్టుకున్నవాళ్ళందరం అందులో చేరాం. ఆయనే అడ్మిన్. ఆయన మీదే ఇప్పుడు మా అనుమానం.

అడ్మిన్ వాయిస్ మెసేజ్ పెట్టాడు. గొంతు ఆయనదే. అయినా ఈ రోజుల్లో గొంతుల్ని నమ్మడానికి లేదని ఒకడన్నాడు. నేనే ఫోన్ చేశాను.

"నువ్వు నిజంగ అడ్మిన్‌వే అయితే, మీ సెంటర్ల ఫ్యానుకు ఎన్ని రెక్కలు?"

"మూడుండె. రిపేరు చేస్త అని వచ్చి ఒకటి నువ్వే ఇరగ్గొట్టినవ్. ఇప్పుడు రెండు."

నిజమైన అడ్మినే. ఆ సంగతి ఫోరంలో రాశాను. రాసింది నేను కాబట్టి ఎవరూ నమ్మలేదు.

అసలు కథంతా ఈ ఒక్క ముక్కలోనే ఉంది. నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను. మానేసింది నేను కాదు, బడే నన్ను వదిలించుకుందని మా సారు అందరికీ చెప్పేవాడు. చదువు అక్కడ ఆగింది గానీ నోరు ఆగలేదు. ఫోరంలో నా పేరు ఫ్యూజుతీగ. ఎవరు ఏది అడిగినా ముందు ఒక జోకు, తర్వాత జవాబు. చేరిన కొత్తలో ధర్మసాగర్ మెకానిక్ ఒకాయన ఒక మోటారు లెక్క అడిగాడు. నేను సరైన లెక్కే చెప్పాను, పక్కన ఒక జోకు కూడా వేశాను. అందరూ పడి పడి నవ్వారు. ఆయన ఇంకెవరో చెప్పిన తప్పు లెక్కతో చుట్టాడు. సాయంత్రానికి మోటారు బొగ్గయింది.

"నేను చెప్పిన గదనే!" అన్నాను ఫోన్‌లో.

"నువ్వు నిజం గూడ చెప్తవని ఎవనికి ఎరుక తమ్మీ?" అన్నాడాయన. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు.

ఆ వారమే ఇంకో పేరుతో చేరాను. పెద్దయ్య. ఊరు రాయలేదు, ఫొటో పెట్టలేదు. పెద్దయ్య జోకులు వేయడు. "నాయనా, ఈ మోటారు కోర్ పొట్టిది. నలభై రెండు చుట్లు పడాలి. తొందరపడకు. శుభం." అంతే. నేను వంద మాటల్లో చెప్పినా నమ్మనివాళ్ళు పెద్దయ్య నాలుగు ముక్కలకు దండాలు పెట్టారు. ఏడాది తిరిగేసరికి పెద్దయ్యకు పండగ శుభాకాంక్షలు, మనవళ్ళ ఫొటోలు, గృహప్రవేశం పిలుపులు రావడం మొదలైంది. నాకు ఒక్కటీ రాలేదు. రెండు పేర్ల వెనకా ఉన్నది నేనే అయినా, ఆ ముసలాయన్ను చూస్తే నాకు ఒళ్ళు మండేది.

మండినప్పుడు ఊరుకునే రకం కాదు కాబట్టి, ఫ్యూజుతీగ పేరుతో పెద్దయ్యతో కొట్లాట పెట్టుకునేవాణ్ణి. "ఎవరు ఈయన? ఎవరన్నా చూసిర్రా? కంపెనీ మనిషి కావచ్చు, మన లెక్కలన్నీ గుంజుకపోతాండు" అని రాసేవాణ్ణి. పెద్దయ్య ఓపికగా సమాధానం ఇచ్చేవాడు. అలా చేస్తే ఇద్దరూ ఒకటేనని ఎవరికీ అనుమానం రాదని నా తెలివి. కొన్నిసార్లు కావాలనే తప్పు లెక్క పెట్టి, పెద్దయ్య చేత దిద్దించుకునేవాణ్ణి. ఎవరి మాట ఏదో పక్కన పేరు చూస్తే తెలిసేది కాబట్టి ఇబ్బంది రాలేదు.

కొత్త ఫోరంలో ఒక నంబరుకు ఒకడే మనిషి. నంబరు ఇవ్వనివాళ్ళ పోస్టులు రావు, పాత సైటుతోపాటే పోతాయి. ఆ నియమం చదివి నాకు చెమట పట్టింది. మిగతావాళ్ళకు మాత్రం పండగ. ఇప్పుడు పెద్దయ్య నంబరు ఇవ్వక తప్పదు, ఆయనెవరో తేలుతుందని. రిటైరైన ఇంజనీరని ఒకడు, కంపెనీ గూఢచారి అని ఇంకొకడు, అడ్మినే ఆ వేషం కట్టాడని మరొకడు. చివరకు పరకాల మెకానిక్ ఒకాయన తేల్చాడు: "మొదటి నుంచి అనుమానం ఫ్యూజుతీగకే. పట్టుకునే పని ఆయనకే పెడదాం." అందరూ సరే అన్నారు. నన్ను నేనే పట్టుకునే డ్యూటీ నాకు పడింది.

డ్యూటీ వంకతో సుబేదారి పోయాను. అడ్మిన్‌కు ఎంత తెలుసో తెలుసుకోవాలి. ఆయన చాయ్ తెప్పించి, రెండు రెక్కల ఫ్యాను కింద కూర్చోబెట్టాడు.

"పెద్దయ్య ఎవరో నీకు ఎర్కనా అన్నా?"

"నాకెట్ల ఎర్క ఉంటది?" అని చాయ్ ఊదుకున్నాడు. "ఒక్కటి మాత్రం గమ్మత్తు. నువ్వు ఆన్‌లైన్‌ల ఉన్నప్పుడు ఆయన ఉండడు. ఆయన ఉన్నప్పుడు నువ్వుండవ్. బాగ పడదు గావచ్చు మీకు."

ఆయన ముఖం వంక చూశాను. చాయ్ తప్ప ఏమీ కనిపించలేదు. తెలిసి అన్నాడా, తెలియక అన్నాడా? దారంతా అదే నమిలాను. ఈ రోజుకూ తెలియదు.

ఇక మిగిలిన దారి ఇంట్లోని రెండో ఫోన్. అది మా ఆవిడది. మా ఆవిడ షాపులోనే ఉంటుంది, ఇన్సులేషన్ పేపర్లు కత్తిరించేది ఆమే.

"నీ ఫోన్ జర ఇయ్యి. ఒక ఓటీపీ వస్తది."

"ఎవలది?"

"పెద్దయ్యది."

"మా పెద్దయ్యదా? ఆయనకు బటన్ల ఫోనే నొక్కరాదు, ఓటీపీ ఎందుకు?"

"మీ పెద్దయ్య కాదే. పెద్దయ్యంటే నేనే."

కత్తెర పక్కన పెట్టింది. నా ఫోన్ లాక్కుని చూసింది. పెద్దయ్యకు వచ్చిన సొంత మెసేజ్‌లలో అందరికంటే ఎక్కువ ఒకే మనిషివి. ములుగులో వైండింగ్ షాపు నడిపే ఆమె. పెద్దయ్యా దండం, పెద్దయ్యా ఇట్ల జేసిన, పెద్దయ్యా మంచిగ నడిచింది.

"ఈమె ఎవలు?"

"మెకానికే. నన్ను ముసలాయన అనుకుంటాంది."

"ముసలాయన పేరు పెట్టుకోని ఆడిమనిషితోని ముచ్చట్లు పెడ్తానవ్, దానికి నా నంబరు గావాలె! సిగ్గుండాలె." ఫోన్ నా ఒళ్ళో పడేసింది. రెండు రోజులు కూర మాత్రమే వడ్డించింది, మాట వడ్డించలేదు.

ఆ ములుగు ఆమె గురించి ఇక్కడే చెప్పాలి. అన్న దగ్గర పని నేర్చుకుంది. అన్నకు వేరే చోట ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే షాపు తనే పట్టుకుంది. ఆడమనిషి చుట్టిన మోటారును రైతులు బోరులో దింపడానికే జంకేవారట. ఒక్కటి కాలితే చాలు, మళ్ళీ ఎవడూ ఆ గడప తొక్కడు. అందుకే లెక్క కోసం ఆమె పెద్దయ్యను తప్ప ఎవర్నీ అడిగేది కాదు. పెద్దయ్య పోస్టులు పోతే ఆమె షాపుకు తాళమే. నాకు పరువు పోతుందన్న భయం ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ పోస్టులు పోకూడదన్న పట్టుదల ఆమె వల్లే వచ్చింది.

ఆఖరి రోజు దాకా ఆగి, పెద్దయ్య ఖాతాకు కూడా నా నంబరే కొట్టాను. ఓటీపీ వచ్చింది. తర్వాత ఇంగ్లీషులో ఏదో అడిగింది, కింద రెండు బటన్లు. తెల్లదీ, నీలందీ. నీలం బటన్ నొక్కితే పని జరుగుతుందన్నది ఇన్నేళ్ళ ఫోన్ చదువులో నేను నేర్చుకున్న ఏకైక పాఠం. నొక్కాను. పని జరిగింది.

పొద్దున చూస్తే పెద్దయ్య లేడు. ఆయన పోస్టులన్నీ ఉన్నాయి, కానీ ప్రతిదాని పక్కనా ఫ్యూజుతీగ అని నా పేరే. ఒకే నంబరు కాబట్టి రెండు ఖాతాలను కలిపెయ్యాలా అని అడిగిందట ఆ నీలం బటన్. పాత కొట్లాటలు ఇప్పుడిలా ఉన్నాయి:

ఫ్యూజుతీగ: పెద్దయ్యా, నీకు చూపు మందగించింది.

ఫ్యూజుతీగ: నాయనా, నీకు నోరు మందగిస్తే బాగుండు.

ఫ్యూజుతీగ: ఈ ముసలాయన్ను నమ్మకండి!

ఎవరైనా సరే ఇది చూసి ఇద్దరూ ఒకటేనని గ్రహిస్తారనుకున్నాను. మావాళ్ళ అనుమానం అంత తిన్నగా నడవదు. నేను పెద్దయ్యను ఏదో చేశానని తేల్చారు.

"పెద్దయ్యను ఏం జేసినవ్‌రా?" అని పరకాలాయన ఫోన్. "ఆయన పోస్టులన్ని నీ పేరు మీద రాయించుకున్నవ్. జాగ రాయించుకున్నట్టు!"

"ఆయనే నేనన్నా."

"సిగ్గులేదు, ఇంక ఆయన పేరు గూడ కావాల్నా నీకు?"

అందరూ నవ్వడానికే నా మాట విన్నారు గానీ నమ్మడానికి ఎవరూ వినలేదు. తిట్లు తింటూ, మోటార్లు విప్పుతూ రెండు రోజులు గడిపాను. మూడో రోజు పొద్దున ఫోన్ టింగుమంది. నా పోస్టుకు ఎవరో థాంక్స్ చెప్పారు. నాకు థాంక్సా? ఫోరమంతా నన్ను తిడుతున్న వారంలో? ఎవరో ఎకసెక్కం చేస్తున్నారనుకుని తెరిచాను. చెప్పింది ములుగు ఆమె. ఏ పోస్టుకో చూసి చేతిలోని స్పానర్ కింద పెట్టేశాను.

ఎప్పుడో పెద్దయ్యను ఏడిపించడానికి ఫ్యూజుతీగ పేరుతో రాసింది అది. "నలభై రెండు చుట్లలో పది చుట్లు పెద్దయ్య గుడి చుట్టూ తిరిగినవి, లెక్కల కలిసినయ్. మోటారుకు ముప్పై రెండు చాలు. శుభం." పెద్దయ్యను వెక్కిరించడానికి చివర శుభం కూడా తగిలించాను. కొత్త ఫోరంలో ఏదైనా వెతికితే పోస్టు మొత్తం రాదు, తోక మాత్రం కనిపిస్తుంది. నేను వెతికి చూశాను. అసలు లెక్క ఉన్న పోస్టుకు "తొందరపడకు. శుభం." అన్న తోకే వచ్చింది, నా వెక్కిరింపుకు మాత్రం అంకెతో సహా వచ్చింది: "మోటారుకు ముప్పై రెండు చాలు. శుభం." పేర్లు కలిసిపోయాక పెద్దయ్య మాటల్ని ఆమె ఆ శుభాన్ని బట్టే ఏరుకుంటోంది. ముప్పై రెండు చుట్లతో ఆ మోటారు స్విచ్ వేసిన కాసేపటికే కాలుతుంది.

పాత ఫోరంలో షాపుల జాబితా ఉండేది, ఆమె నంబరు నా దగ్గరుంది. చేశాను.

"చెల్లే, నేను వరంగల్ నుంచి, ఫ్యూజుతీగను. ఆ ముప్పై రెండు తప్పు. చుట్టకు."

"పెద్దయ్యవి అన్ని దోసుకున్నోనివి నువ్వేనా?"

"దోసుకోలే. అవి నావే. పెద్దయ్య నేనే."

అవతల నవ్వు. నవ్వుల్లో కూడా మంచిది కాని రకం. "గిదే పెద్ద జోకు నీది. నా షాపు ఎప్పుడు మూతపడ్తదా అని సూస్తాన్రు ఈడ సగం మంది. నువ్వు ఎవలు చెప్తే చేస్తానవ్?"

"ఎవలు చెప్పలే. నలభై రెండు చుట్టు, దండం పెడ్త."

"పెద్దయ్యతోని ఫోన్ చేపియ్యి." పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

జీవితంలో మొదటిసారి ఎవర్నీ నవ్వించాలనుకోని రోజు, నా నోట్లోంచి వచ్చిన ప్రతి నిజం జోకులా వినపడింది. షాపు మా ఆవిడకు అప్పగించాను.

"ఎటు?"

"ములుగు."

"ఆమె దగ్గరికేనా?"

"ఆమె మోటారు కాలిపోతది. నేను రాసిన తప్పు లెక్కతోని."

మా ఆవిడ బల్ల మీది స్కేలు నా ముందుకు తోసింది. నమ్మిందో, పరీక్ష పెట్టిందో గానీ, "స్కేలు తీస్కపో. నీ మాట ఎవలింటరు?" అంది.

ములుగు బస్సులో నిలబడి పోయాను. ఆమె షాపు కనుక్కోవడం కష్టం కాలేదు. బయట మంచం మీద ఒక రైతు, లోపల బల్ల మీద మోటారు. ఆమె సందుల్లోకి తీగ లాగుతోంది. సగం అయిపోయింది. నన్ను చూసి తీగ వదల్లేదు.

"వచ్చినవా? పెద్దయ్య ఎనక వస్తాండా?"

"ముప్పై రెండేనా పెడ్తన్నవ్?"

"ఎంత పెడ్తే నీకెందుకు?"

రైతు లేచి కూర్చున్నాడు. "ఏందట బిడ్డా?"

"ఏం లేదు కాకా. వరంగల్ నుంచి ఒకాయన నా పని ఖరాబు చేద్దామని వచ్చిండు."

నేను పెద్దయ్యనని రుజువు చేసుకుందామని, ఆయన ఆమెకు రాసిన మెసేజ్‌లు నా ఫోన్‌లో చూపించాను. దానికీ ఆమె దగ్గర జవాబుంది. "ఖాతా దోసుకున్నోనికి మెసేజ్‌లు రావా? మొదటిసారి నేను ఏం అడిగిన, చూడకుంట చెప్పు."

నాకు గుర్తు లేదు. ఎందరికి ఎన్ని రాశానో. అదే చెప్పాను. ఆమె మళ్ళీ తీగ లాగడం మొదలుపెట్టింది.

అప్పుడు స్కేలు తీశాను. "నన్ను నమ్మకు. పెద్దయ్యను గూడ నమ్మకు. దీని కోర్ ఎంత పొడుగుందో నువ్వే కొలువు."

కొలవనంది. తర్వాత కొలిచింది. నా స్కేలుతో కాదు, తన స్కేలుతో. మూలకు పడి ఉన్న ఇంకో మోటారును చూపించాను, అదీ దీనిలాగే ఐదు హార్స్‌పవర్‌ది. "దీనికి నువ్వు ఎన్ని చుట్టినవ్?"

"ముప్పై మూడు."

"దాన్ని గూడ కొలువు."

రెండోది పొడుగు. చాలా పొడుగు. కోర్ పొట్టిగా ఉంటే చుట్లు పెరగాలి, పొడుగుంటే తగ్గాలి. అది ఆమెకూ తెలుసు, పెద్దయ్యే చెప్పాడు. రెండు కొలతలనూ బల్ల మీద చాక్‌పీసుతో రాసి, కాసేపు గుణించుకుంది. నేను నోరు మూసుకున్నాను. నాకు అది ఎంత కష్టమో మా ఆవిడను అడగండి.

"నలభై ఒకటో, నలభై రెండో పడ్తది," అంది చివరకు, నాతో కాదు, చాక్‌పీసుతో.

చుట్టిందంతా విప్పడం మొదలుపెట్టింది. సాయం చేస్తానంటే చెయ్యి అడ్డం పెట్టింది. సగం విప్పాక తల ఎత్తకుండానే అడిగింది. "మరి ముప్పై రెండని ఎందుకు రాసినవ్?"

"నవ్వాల్నని."

"ఎవలు నవ్విర్రు?"

రైతు మంచం మీద నుంచి, "మోటర్ మీద గూడ జోకులేంది?" అన్నాడు. ఆయన పొలం ఎండుతోంది మరి.

నలభై రెండు ఆమే చుట్టింది. సాయంత్రం నేను బస్సెక్కబోతుంటే ఆపింది. "రేపు పొద్దుగాల బోరుల దింపుతం. నువ్వు ఉండాలె. కాలిందనుకో, కాక ముందర నిలవడేది నువ్వే."

మర్నాడు మొదటి బస్సుకే వెళ్ళాను. మా ఆవిడ టిఫిన్ కట్టిచ్చింది, రెండు పొట్లాలు. రెండోది ములుగు ఆమెకని నేనే అనుకున్నాను.

పైపులు దింపి, కేబుల్ కలిపి, రైతు స్టార్టర్ నొక్కాడు. అందరం పైపు మూతి వంక చూస్తుంటే ఆమె ఒక్కతే తీగకు మీటర్ తగిలించి అంకెలే చూస్తోంది. పైపు దగ్గింది, గాలి ఊదింది, ఎర్రటి నీళ్ళు కక్కింది, తర్వాత తెల్లటి ధార పొలంలోకి దూకింది. రైతు అరిచాడు. ఆమె అరవలేదు. మోటారు వేడెక్కి కరెంటు పెరుగుతుందేమోనని చాలాసేపు మీటర్ దగ్గరే కూర్చుంది. పెరగలేదు.

"ఈయన ఎవలు బిడ్డా అసలు? మంచి మెకానికేనా?" అన్నాడు రైతు.

"ఇంక సూస్తాన కాకా," అంది.

మీటర్ సంచిలో పెట్టుకుని నా దగ్గరకొచ్చింది. "ఆ ముప్పై రెండు తీసెయ్యి. ఇక్కడ్నే, నా ముందర." తీసేశాను. తన ఫోన్‌లో వెతికి, నిజంగానే పోయిందో లేదో చూసుకుంది.

"గిసుంటివి ఇంకెన్ని రాసినవ్?"

"లెక్కపెట్టలే."

"ఈ మోటర్లు చుట్టేటోళ్ళు నేనొక్కదాన్నేనా? ధర్మసాగర్ల, పరకాలల ఎవలెవలు చూస్తాన్రో నీకెరుకనా?" పొలం గట్టు చూపించింది. "కూసో. మొదటి నుంచి తియ్యి. ఏది నిజమో, ఏది నవ్వులకు రాసిందో ఒక్కొక్కటి చెప్పు. చెప్పినంక ఎందుకో గూడ చెప్పు. లెక్క గిట్ట కుదరకపోతే నేనడుగుత."

గట్టు తడిగా ఉంది. అయినా కూర్చున్నాను. మొదటి పోస్టు తెరిచి చదివాను. అది నిజమే రాశాను. ఎందుకో చెప్పాను. ఆమె పక్కనే నిలబడి, నా ముఖం కాదు, ఫోన్ వైపే చూస్తూ, "మల్ల చెప్పు," అంది.